మగ్గం చప్పుడు కింద దగ్గు

నా చిన్నప్పుడు మా అమ్మ పుట్టింట్లో ఉందని వీధి వీధంతా నమ్మింది. అమ్మ మాత్రం ధర్మవరంలో మా ఇంట్లోనే, మగ్గం గది వెనకున్న చీకటి కొట్టులో ఉండేది. ఆమెకు పట్టుకున్నది క్షయ అని ఇంట్లో అందరికీ అనుమానమే. ఆ మాట బయటికి పొక్కితే షావుకారు నేతకు పట్టు ఇవ్వడనీ, అది వంశాన్ని పట్టే జబ్బంటారు కాబట్టి మాకు సంబంధాలు రావనీ మా జేజికి, అంటే మా నాయన తల్లికి, భయం. అందుకే కొట్టు కిటికీకి గోనెపట్టా కొట్టించింది.

లోపల అమ్మకు దగ్గు రాగానే నేను మగ్గం ఆడించాలి. అదే నాకు అప్పజెప్పిన పని. నాకు నేత రాదు కదా, ఉత్త చప్పుడే. ఆ చప్పుడులో అమ్మ దగ్గు కలిసిపోయేది. ఆసుపత్రికి పోదామంటే, ఊళ్లో లేని మనిషి వీధిలోకి ఎట్లా వస్తుంది? అమ్మ సన్నబడిపోతూ ఉంది, మేం తలుపులు మూస్తూ ఉన్నాం.

ఒకనాడు పక్కింటి అక్క చింతపండు అడిగే నెపంతో లోపలికి వచ్చింది. ఆమెదీ నేతపనే. మగ్గం మీది చీరను వేలితో తడిమి చూసింది.

"ఏం పెద్దమ్మా, మీ మగ్గం పొద్దస్తమానం ఆడతాంది, చీర జానెడన్నా పెరగలేదే. గాలిని నేస్తాండారా?"

"పిల్ల ఆడుకుంటాంది లేమ్మా" అంది జేజి.

అంతలో అమ్మ దగ్గింది. మగ్గం మీదికి పోతున్న నా చేతిని అక్క పట్టుకుని ఆపింది. చప్పుడు లేని ఆ గదిలో అమ్మ దగ్గును నేను మొదటిసారి పూర్తిగా విన్నాను.

అక్క గొంతు తగ్గించింది. "నాకూ వచ్చిండె ఇది, పెండ్లికి ముందు. సూదులు, మాత్రలు మానకుండా వాడితే పోయింది. మా అత్తకు గూడా తెలీదు."

మరునాడు పట్టపగలు అక్క వచ్చింది. నాయన కొట్టు గడియ తీశాడు, జేజి ముఖం తిప్పుకుంది. అక్క అమ్మ చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచే బయటికి నడిపించింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు "యాడికే?" అని అడిగితే, "నాకొచ్చి పోయిన టీబీ ఈయమ్మకూ వచ్చినాది, పెద్దాసుపత్రికి పోతాండాం" అంది. ముందు తన సంగతి, ఆ తర్వాతే అమ్మది. ఆ మాటకు అక్క బిందెను కొళాయి దగ్గర చాన్నాళ్లు దూరంగా జరిపారు. అక్కను వాళ్ల అత్త దెప్పే మాటలు గోడ ఇవతలికి వినిపించేవి.

అమ్మ మాత్రలు మానకుండా మింగి బతికింది, నాకు నేత నేర్పింది. ఇప్పుడు నేనూ జేజినే. ఎవరింట్లోనన్నా దగ్గు దాస్తున్నారని తెలిస్తే, వాళ్ల గడపలో కూర్చుని మా అమ్మ సంగతి మొదలుపెడతాను. వీధిలో మగ్గం ఆడుతుంటే మాత్రం ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. ఆ చప్పుడు కింద ఇంకేమన్నా ఉందేమోనని వింటాను.