గూడెం క్యాసెట్టు

మొన్న ఆకివీడు నుంచి ఒకమ్మాయి నా ఫోనుకి మెసేజ్ పెట్టింది. మన వైపు పాత బ్యాండ్ల రికార్డింగులన్నీ ఒకచోట చేరుస్తోందట. "గూడెం క్యాసెట్టు ఒరిజినల్ మీ దగ్గర ఉందని చెప్పారండి. అందరి దగ్గరా ఉన్నవి కాపీకి కాపీలు. ఒక్కసారి ఇస్తే కంప్యూటర్లోకి ఎక్కించుకుని జాగ్రత్తగా తిరిగిచ్చేస్తానండి" అని రాసింది. కింద ఒక లింకు. తెరిచి చూస్తే ఇరవై ఏళ్ళ కిందటి గొడవే. ఒకే ఆవిడ గూడెంలో పాడిన గొంతు గొప్పదా, ఆకివీడులో పాడిన గొంతు గొప్పదా అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. అందులో ఒకాయన, "ఈ సంగతి ఏలూరులో ఒక పెద్దమనిషి అప్పుడే తేల్చి చెప్పేశారు" అని రాశాడు. ఆ పెద్దమనిషిని నేనే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అమ్మాయికి ఇంకా జవాబివ్వలేదు. క్యాసెట్టుతో పాటు చెప్పాల్సిన సంగతి ఒకటుంది, ముందు అది రాద్దామని కూర్చున్నాను.

పాడినావిడ పేరు రాయను. మా అక్కతో కలిసి చదువుకుంది, ఏలూరులో ఒకే చర్చి క్వయర్‌లో ఇద్దరూ పాడేవారు, అందుకని నాకూ అక్కే. పెళ్ళయి పెంటపాడు వెళ్ళింది. మేం గూడెం అనే తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో రెండో తరగతికి టీచరు. వారమంతా అరవై మంది పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించి, సెలవు రోజుల్లో తమ్ముడి గిటారు, ఇంకో ఇద్దరు స్నేహితుల డ్రమ్సూ బేస్ గిటారూ తోడు చేసుకుని రాక్ పాటలు పాడేది. అన్నీ సొంత పాటలు, తెలుగులో. రాక్ అంటే మా వైపు అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. పెంటపాడులో మొదటి ప్రోగ్రాముకి బ్యానరు రాసినాయన 'రాకు సంగీత విభావరి' అని రాసుకొచ్చాడు. రావద్దంటున్నారేమోనని కొంతమంది నిజంగానే రాలేదని ఆవిడే చెప్పి నవ్వేది. ఆవిడ అత్తగారు మాత్రం ముందు వరసలో కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఆఖరి పాట దాకా కదల్లేదట. "చెవులకి పడదు గానీ, పిల్ల పాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది" అందట ఆ పెద్దావిడ.

చూడ్డానికి నిజంగానే బాగుండేది. స్టేజీ ఎక్కగానే అక్క చెప్పులు విప్పి ఓ పక్కన పెట్టేది. కొంగు నడుముకి చుట్టి దోపేది. కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత ఎదురుగా ఎవరున్నారన్నది ఆవిడకి పట్టేది కాదు. కాలవ పాట అని ఒకటుండేది. వేసవిలో కాలవ కట్టేశాక ఎండిపోయిన అడుగున నిలబడి నీళ్ళని పిలుస్తున్నట్టుగా ఆవిడే కట్టుకున్న పాట. దాని చివర ఒక పిలుపు ఉండేది. ఒకే మాట, ఊపిరి ఉన్నంతసేపూ పైకి పైకి సాగేది. అది వినడానికే మేం బస్సులు పట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళం.

నేను అప్పుడు ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేసేవాణ్ణి. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా రోజూ బస్సు. పొద్దున్నే వెళ్ళగానే మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోవడం మొదటి పని. ఆ తర్వాతే రైతులు సీసాల్లో తెచ్చిన నీళ్ళు ముట్టుకునేవాళ్ళం. ఆ ఉద్యోగం వల్ల దేన్నైనా కొలిచి చెప్పగలనని నాకొక గీర ఉండేది.

రెండు వేల రెండో, మూడో. డిసెంబరు నెల. గూడెంలో ఒక కాలేజీ గ్రౌండులో అక్క ప్రోగ్రాము. మా నాన్నగారి పాత టేప్ రికార్డరు సంచిలో వేసుకుని పాసింజరెక్కాను. అందులో సెల్లులు అప్పటికే నీరసించి ఉన్నాయి. ఎండలో పెడితే ఇంకాస్త బతుకుతాయని మధ్యాహ్నం పిట్టగోడ మీద పెట్టి మరీ తీసుకెళ్ళాను. స్పీకరు దగ్గర కూర్చుని గంటసేపు ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేశాను. ఏలూరు పవర్‌పేటలో మేమంతా చేరే క్యాసెట్ల షాపు ఒకటుండేది. మర్నాడు అక్కడి పెద్ద డెక్కులో వేసి వినిపించేసరికి షాపు నిశ్శబ్దమైపోయింది. ఏం వేగం, ఏం పదును! కాలవ పాట చివర పిలుపైతే గాజు మీద వెలుగు పడ్డట్టు మెరిసింది. పాటల మధ్య అనౌన్సరు మాత్రం ఆరో తరగతి కుర్రాడు పద్యం అప్పజెబుతున్నట్టు కీచుగా మాట్లాడుతుంటే అందరం పడీ పడీ నవ్వాం. మైకు మంచిది కాదేమో అనుకున్నాం. షాపు బాబాయిగారు కాపీల మీద కాపీలు తీశారు. ఏలూరులో, గూడెంలో, భీమవరంలో అక్క పాట తెలిసిన ప్రతివాడి ఇంట్లోనూ గూడెం క్యాసెట్టు చేరింది. దాన్ని రికార్డు చేసినవాణ్ణని నాకూ కాస్త పేరొచ్చింది.

మూడేళ్ళకి ఆకివీడులో చేపల వ్యాపారులు ఒక ఫంక్షనుకి అక్కని పిలిపించారు. అప్పటికి కొత్తగా వచ్చిన చిన్న డిజిటల్ రికార్డరు కొనుక్కున్నాను, దానితో రికార్డు చేశాను. షాపులో రెండూ పక్కపక్కన వేసి వింటే తేడా తెలిసిపోతోంది. ఆకివీడులో పాట నెమ్మదిగా ఉంది, గొంతు బరువుగా ఉంది, ఆ చివరి పిలుపు గూడెంలో అందుకున్న ఎత్తుకి చాలా కిందనే ఆగిపోయింది. ఇక వాదనలు మొదలయ్యాయి. స్కూల్లో అరిచి పాడుచేసుకుందని కొందరు, కావాలనే తగ్గించి పాడిందని కొందరు. గొంతు పోయిందన్నది నా తీర్పు.

ఉంగుటూరు నుంచి వచ్చే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉండేవారు, మా అందరికన్నా పెద్దాయన. ఆయనొక్కరే ఒప్పుకోలేదు. "అమ్మాయి గొంతు ఏమీ మారలేదండీ. రెండుచోట్లా ముందు వరసలో కూర్చుని విన్నాను. గూడెంలో ఎలా పాడిందో ఆకివీడులోనూ అలాగే పాడింది" అన్నారు మెత్తగా.

"మీది జ్ఞాపకం, నాది రికార్డింగు అండీ" అన్నాను.

"ఏమోనండీ, నా చెవులకి అలాగే వినపడింది."

"అంత గొప్ప చెవులైతే వాటితో ఒక ల్యాబు పెట్టించండి, చెరువు నీళ్ళు కూడా మీరే చూసిపెడుదురు గాని" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి, "సరేలెండి" అని సంచి తీసుకుని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ షాపుకి రాలేదు. రాలేదన్న సంగతి నేను చాలా రోజులు గమనించనైనా లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. రెండు చోట్లా పాడిన కాలవ పాటని ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ఒక సీడీ చేశాను. నెట్ సెంటర్లో కూర్చుని, మా అభిమానుల గ్రూపులో పేజీల కొద్దీ రాశాను, ఎక్కడ ఎంత తగ్గిందో సెకన్లతో సహా. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత అక్క ఎక్కడ పాడినా కుర్రాళ్ళు వెనకనుంచి "గూడెంలో లాగా! గూడెంలో లాగా!" అని అరవడం మొదలైంది. ఆవిడ కళ్ళు తెరిచి పాడడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఒక ఆదివారం అక్క ఆ షాపుకే వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బైబిలు ఉంది. "తమ్ముడూ, ఆ గూడెం క్యాసెట్టు ఒకసారి వినిపిస్తావా? నేనెప్పుడూ కుదురుగా వినలేదు" అంది. బాబాయిగారు వేశారు. కుర్చీ వేసినా కూర్చోకుండా, కౌంటరు మీద చెయ్యి ఆనించి చివరిదాకా వింది.

"ఇది నేనేనా?"

"మీరేనక్కా."

"ఇంత పైకి ఎప్పుడు వెళ్ళానురా? ఆ రోజు గిటారు ఏ శ్రుతికి బిగించావని మావాణ్ణి అడిగితే గుర్తులేదంటున్నాడు."

"క్యాసెట్టు అబద్ధం చెప్పదు కదక్కా" అన్నాను.

"అవున్లే. నేనే పాడుచేసుకున్నట్టున్నాను" అని, "సాధన చేస్తే మళ్ళీ వస్తుందంటావా?" అంది, డాక్టర్ని అడిగినట్టు. ఎందుకు రాదని ధైర్యం చెప్పి, ఒక కాపీ తీయించి చేతిలో పెట్టాను.

మరో నెలకి, మా ల్యాబుకి ఒక రైతు చెరువు నీళ్ళ సీసాతో వచ్చాడు. భారీ మనిషి. "ఏవండీ, లోపలికి రావచ్చాండీ?" అంటే గది అంతా మోగింది, ఖాళీ డ్రమ్ములో మాట్లాడినట్టుంది గొంతు. మాటల్లో మాటగా తను ప్రోగ్రాములకి అనౌన్సరుగా కూడా వెళ్తానన్నాడు. గూడెం కాలేజీలో అక్క పాడిన రోజు మైకు పట్టుకుంది తనేనట.

"ఆ రోజు మీకు జలుబు గానీ చేసిందాండీ?" అన్నాను.

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే గొంతండీ. మైకు పోయినా ప్రోగ్రాము ఆగదని పిలుస్తారు నన్ను" అని నవ్వాడు.

నీళ్ళలో ముంచిన మీటరు చూస్తూ అలాగే నిలబడిపోయాను. అది ఎంత చూపించిందో రాసుకోవడం కూడా మరిచిపోయాను. ఇంటికెళ్ళి అటక మీంచి నాన్నగారి టేప్ రికార్డరు దింపాను. గడియారంలోంచి, టార్చిలైటులోంచి అరిగిపోయిన సెల్లులు ఏరి వేసి, గూడెం క్యాసెట్టు పెట్టాను. చక్రాలు ఈడ్చుకుంటూ తిరిగాయి. ల్యాబులో విన్న రైతు గొంతే వచ్చింది, డ్రమ్ములోంచి వచ్చినట్టు. దాని వెనక అక్క. ఆకివీడులో విన్న గొంతే, ఆ బరువే, ఆ నెమ్మదే. ఆ రోజు సెల్లుల్లో బలం లేక టేపు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మంచి డెక్కులో వేస్తే పాట పరుగెత్తింది, గొంతు పైకెక్కింది. చివరికొచ్చేసరికి సెల్లులు ఇంకా నీరసించాయి కాబట్టి చివరి పిలుపు ఇంకా ఎత్తు ఎక్కింది. అంతే. ఆవిడ ఆ ఎత్తుకి ఎన్నడూ పాడలేదు.

వచ్చే ఆదివారం వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. వెళ్ళాను కూడా. గూడెంలో చర్చి బయట అక్క మెడకి మఫ్లరు చుట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగుతోంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. "కాస్త కాస్త అందుతోంది తమ్ముడూ. రోజూ తెల్లారకట్ల గంట సేపు సాధన చేస్తున్నాను. ఏలూరు ప్రోగ్రాముకి చూడు!" అంది. గొంతు అప్పటికే కొద్దిగా బొంగురుపోయి ఉంది. అప్పుడే చెప్పాల్సింది. "చాలా సంతోషం అక్కా" అని చెప్పి వచ్చేశాను. రెండో ఆదివారం వాన. మూడో వారం చెరువుల్లో చేపలకి తెగులొచ్చి ల్యాబులో ఊపిరాడలేదు. ఆ తర్వాత వారాలకి ఏ సాకూ లేదు. షాపులో ఆ నవ్వు ఈసారి నా మీదికి తిరుగుతుందన్న భయం, అంతకుమించి ఏమీ లేదు. అలా ఆరు ఆదివారాలు గడిచాయి. ఏడోది ఏలూరు ప్రోగ్రాము.

ఆ సాయంత్రం గిటారు బాగా పైకి బిగించుకొచ్చారు. మొదటి పాటలు ఎలాగో గడిచాయి. కాలవ పాటలో చివరి పిలుపు అక్క అందుకుంది. ఒక క్షణం, నిజంగా ఒకే క్షణం, క్యాసెట్టులో ఉన్న ఎత్తుకి వెళ్ళింది. జనం లేచి నిలబడ్డారు. పాత గుడ్డ చిరిగినట్టు గొంతు అక్కడే చిరిగింది. మళ్ళీ నోరు తెరిచింది, గాలి మాత్రమే వచ్చింది. వెనకనుంచి ఎవడో ఇంకా ఈల వేస్తూనే ఉన్నాడు. ఆవిడ జనానికి దణ్ణం పెట్టి, వంగి చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గొంతులో కాయలు కట్టాయన్నారు డాక్టర్లు. ఆరు నెలలు మాట్లాడవద్దన్నారు. ఆ ఆరు నెలలూ పిల్లలకి బల్ల మీద చప్పుడు చేసి, బోర్డు మీద రాసి పాఠాలు చెప్పిందట. మాట వచ్చింది గానీ పాట రాలేదు.

నేను పెంటపాడు వెళ్ళి నిజం చెప్పడానికి మరో రెండేళ్ళు పట్టింది. వసారాలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుతోంది. సెల్లుల దగ్గర్నుంచి అనౌన్సరు దాకా అంతా చెప్పాను. పెన్ను మూత పెట్టి, తల దించుకునే వింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది. బొంగురు గొంతు, పక్కన కూర్చుంటే గానీ వినపడదు.

"ఏలూరు ప్రోగ్రాముకి ఆరు వారాల ముందు."

పుస్తకాలు పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్ళింది. తిడుతుందని, ఏడుస్తుందని, కనీసం తలుపేసుకుంటుందని ఎదురుచూశాను. టీ పెట్టి తెచ్చింది. కప్పు నా చేతికిచ్చి, "పంచదార సరిపోయిందాండీ?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను ఒరేయ్ అనీ, తమ్ముడూ అనీ తప్ప పిలిచి ఎరగదు. "అక్కా, నన్ను తిట్టండి" అన్నాను.

"ఎందుకండీ. చీకటి పడుతోంది, మీరు బస్సుకి వెళ్తారా, రైలుకా?" అంది. ఆ మర్యాదలో వెటకారం లేదు. ఇంటికి వచ్చిన ఏ ఇన్సూరెన్సు మనిషికైనా అదే మర్యాద దక్కేది. గేటు దాకా వచ్చి సాగనంపింది. ఆ తర్వాత ఎక్కడ కలిసినా అండీ తప్పలేదు.

ఉంగుటూరు పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్తే బదిలీ మీద వెళ్ళిపోయారన్నారు. గ్రూపులో మాత్రం ఏమీ రాయలేదు. అప్పటికే దాన్ని ఎవరూ చూడడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరు చూస్తారోనన్నదే అసలు భయమని తెలుసు. వయసుతో పాటు తప్పులు కాస్త మసకబారతాయని ఆశపడ్డాను గానీ, ఇది ఏటికేడు స్పష్టంగానే కనిపిస్తోంది. నాకు ఆ ఆరు ఆదివారాలూ కొద్దిపాటి ఆలస్యం. ఆవిడకి పాడడానికి మిగిలిన కాలమంతా అదే, ఆ కాస్తా ఎన్నడూ తనది కాని గొంతుని వెతుక్కోవడంలోనే గడిచిపోయింది.