బోల్టు మరలు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను నంద్యాలలోని ఒక వర్క్‌షాపులో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసేదాన్ని. విత్తనాలు జల్లించి శుభ్రం చేసే యంత్రాలు అక్కడ తయారయ్యేవి. ఆళ్లగడ్డలోని ఒక మిల్లు కోసం చేస్తున్న యంత్రం భాగాలన్నీ, వేలకొద్దీ, ఒకే ఫైలులో ఉండేవి. ఫైలు తెరవమని నొక్కి, బయటికి పోయి టీ తాగి వచ్చినా తెర మీద గడియారం గుర్తు కదిలేది కాదు. ఒక రేకును పక్కకు జరిపితే కంప్యూటర్ బిగుసుకుపోయేది.

యజమాని వచ్చి నా కుర్చీ వెనక నిలబడేవాడు.

"ఏందిమ్మా, ఇంకా ఆ రేకు కాడే ఉండావా? ఆడోళ్లకు ఈ పని యాడ చేతనైతాదని మావోళ్లు చెప్తానే ఉండారు," అన్నాడొకరోజు అందరి ముందర.

ఒళ్లు మండిపోయింది. ఆ ఫైలు నాది కాదు, ఆయన బామ్మర్ది గీసింది. భోజనానికి కూడా లేవకుండా ఒక్కో భాగం తెరిచి చూశాను. ప్రతి బోల్టుకూ మరలన్నీ చుట్టు చుట్టూ చెక్కి పెట్టాడు మహానుభావుడు. బజారులో కొనితెచ్చే బోల్టుకు మరలు గీయడమెందుకు? కొనుక్కొచ్చే మోటారులో తీగచుట్టలు కూడా గీశాడు. కాస్త కదిలిస్తే చాలు, కంప్యూటర్ వాటన్నిటినీ మోయాలి.

మరలు తీసేసి బోల్టులను నున్నటి కడ్డీలు చేశాను. మోటారును ఉత్త పెట్టెగా మార్చి, బిగించే రంధ్రాలు మాత్రం ఉంచాను. జల్లెడలు, ఫ్యాను, చట్రం వేటికవి విడదీసి, అవసరమైనదే పూర్తిగా తెరుచుకునేలా పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు నేను కుర్చీలో సర్దుకునేలోపే ఫైలు తెరుచుకుంది.

ఆ వారమే మిల్లు పెద్దాయన ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. తెర మీద యంత్రం గిర్రున తిరగడం చూసి, పోయినసారి ఇది కదల్లేదే అన్నాడు.

"మా బామ్మర్ది సరిజేసినాడన్నా," అన్నాడు యజమాని, నా పక్కనే నిలబడి.

"కాదు పెద్దాయనా. చెడగొట్టింది ఆయన. సరిజేసింది నేను," అన్నాను. 

పెద్దాయన కుర్చీ నా వైపు జరుపుకుని, యంత్రంలో గింజలు పడే సంచులు కట్టేచోటు చూపించమన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు. ఆయన వెళ్లాక, బయటివాళ్ల ముందర పరువు తీశానని యజమాని అరిచాడు. నేను పని ఆపలేదు.

యంత్రం బిగించే రోజు ఆళ్లగడ్డ పోయాను. గోడకు అంటించిన డ్రాయింగులో, గీసినవారి గడిలో బామ్మర్ది పేరే ఉంది. ఫిట్టర్లు చూస్తుండగానే దాన్ని పెన్నుతో కొట్టేసి నా పేరు రాశాను. ఆ నెలాఖరుకు పని మానేశాను.