తమలపాకు కాడ

నా బిడ్డకు మూడున్నర ఏండ్లున్నప్పుడు నేను దాన్ని గోస పెట్టిన. కొట్టలే. కొడితే ఒక్క దెబ్బతోని పోయేదేమో. ఇది నెలల తరబడి పెట్టిన గోస. ఇప్పుడు ఎవలన్న అడిగితే, "అప్పట్ల జర మొండికేసింది, తర్వాత మంచిగైంది" అని చెప్తుంట. మొండికేసింది నేను.

సంగతేందంటే, ఒంటేలుకు పోవుడు దానికి రెండున్నర ఏండ్లకే వచ్చింది. పొద్దంత చెడ్డీ మీదనే ఉంటుండె, పక్క గూడ తడుపకపోతుండె. దొడ్డికి వస్తే మాత్రం డైపర్ కావాలె. బీరువ కింది అరలకెల్లి అదే ఒకటి తీస్కొచ్చి నా చేతుల పెట్టి, "అమ్మా, ఇది ఎయ్యి, దొడ్డికొస్తుంది" అంటుండె. ఏస్తే ఫ్రిజ్ పక్క సందుల నిలబడి, గోడకు నెత్తి ఆనిచ్చి, పని కానిచ్చుకొని, కడుగుమని వస్తుండె. మొత్తం ఐదు నిమిషాల పని. దాంట్ల నాకేం నష్టమైందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలుస్తలేదు.

అప్పుడు నాకు కోపం వచ్చేది ఒక్కదానికే. డైపర్ ఎక్కడున్నదో తెల్సి, తెచ్చిచ్చే తెలివి ఉన్నదానికి కమోడ్ మీద కూసునే తెలివి ఉండదా? కావాలని చేస్తున్నదని అనుకున్న. మూడున్నరేండ్ల పిల్ల నాతోని పంతం ఆడుతున్నదని నిజంగనే నమ్మిన.

నేను నాచారంల మసాలా పొట్లాలు చేసే కంపెనీల చెకింగ్ సూపర్‌వైజర్‌ని. నేను చూసి సంతకం పెట్టందే ఒక్క అట్టడబ్బ గేటు దాటదు. సీల్ జర వంకరగున్నా పక్కకు పారేస్త. "అక్క చూసిందా? అక్క చూడందే కదిలియ్యకుండ్రి" అని లైన్ మీద అందరు అంటుంటరు. ఆ మాట వింటే నాకు మస్తు గర్వం. ఇంట్ల గూడ గదే కంపెనీ నడిపిన.

అసలు మొదలైంది రామంతాపూర్‌ల, మా ఆడిబిడ్డ ఇంట్ల. వాళ్ళ పిల్లగాని పుట్టినరోజు. హాలు నిండ చుట్టాలు కూసున్నరు. నా బిడ్డ నా బ్యాగు జిప్పు తీసి, డైపర్ పట్టుకొని, అందరి నడిమిట్లకెల్లి నా దగ్గరికి నడుచుకుంట వచ్చింది. మా ఆడిబిడ్డ చూసి, "ఏంది వదినె, ఇంక ఇడిపియ్యలేదా? పెండ్లప్పుడు గూడ కట్టి పంపుతవా ఏంది?" అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. అందరు నవ్వుతున్నరని బిడ్డ గూడ నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోల దాని తొడ మీద గిచ్చిన. ఎందుకు గిచ్చిన్నో దానికి తెల్వదు. నా మొఖం చూసుకుంట కండ్లనిండ నీళ్ళు పెట్టుకున్నది.

తెల్లారి చెత్తబండి రాంగనే, ఇంట్లున్న డైపర్ల ప్యాకెట్ దాని చేతులతోనే బండ్ల ఏపిచ్చిన. "టాటా చెప్పు" అన్న. చెప్పింది. కొత్తయి వస్తయనుకున్నదేమో. సాయంత్రం బీరువ అర తీసి, లోపటికి చూసి, మల్ల మూసి నా దగ్గరికొచ్చింది.

"అయిపోయినయి అమ్మా. తీస్కరా."

"ఇగ రావు. నువ్వు పెద్దగైనవు. కమోడ్ మీద కూసో. మల్ల డైపర్ అన్నవనుకో, ఆ బండ్ల నిన్నే ఏస్త."

ఆ దినం పోలే. తెల్లారి పోలే. మూడోనాడు కాళ్ళు ముడేసుకొని, మునివేళ్ళ మీద నడుచుకుంట, కడుపు పట్టుకొని తిరిగింది. కమోడ్ మీద కూసోబెడితే రెండు చేతులతోని నా మెడ గట్టిగ పట్టుకున్నది. "ఏందే నీ భయం?" అన్న. అది కిందికి చూసి అడిగింది, "కిందికి పడితే ఎవలు పట్టుకుంటరు?"

డైపర్ల అయితే అది పడదు, ఒంటికి ఆనుకొనే ఉంటది. దానికి తెల్సిన తీరు అదొక్కటే. ఆ ప్రశ్నకు కూసొని మంచిగ జవాబు చెప్పాల్సింది. నేనేం చేసిన్నంటే, కంపెనీ దోస్తుకు ఫోన్ చేసి, అది ఇనేటట్టే చెప్పుకుంట నవ్విన. "పట్టుకునేతందుకు కింద మనిషిని పెట్టాల్నంట మా మహారాణికి." బిడ్డ తలుపు కాడ నిలబడి అంతా ఇన్నది. ఆ తర్వాత భయం సంగతి నాతోని మల్ల ఎన్నడు మాట్లాడలే.

నాలుగోనాడు బాత్రూంల కూసోబెట్టి బయట గడియ పెట్టిన. అయిపోయినంకనే పిలువుమన్న. లోపట అరగంట ఏడ్చింది. తర్వాత ఫ్లష్ చప్పుడైంది. "పోయిన అమ్మా" అన్నది. నాకు మస్తు సంబురమైంది. ఎత్తుకొని ముద్దు పెట్టిన, చాక్లెట్ ఇచ్చిన. సాయంత్రానికల్ల దాని కడుపు రాయి లెక్క ఉన్నది. అబద్ధమాడింది. నా బిడ్డ పుట్టినకాడికెల్లి ఆడిన మొదటి అబద్ధం అదే, అదీ నేనే నేర్పిన. చాక్లెట్ల డబ్బ తీస్కపోయి పైన పెట్టిన. "ఇగ నేను కండ్లతోని చూడందే ఫ్లష్ కొట్టద్దు. నేను చూడందే నమ్మ" అన్న.

మా ఆయన రైల్వేల పని చేస్తడు. నెమ్మది మనిషి. నెమ్మది అంటే, ఇంట్ల లొల్లి అయితే టీవీ సౌండు పెంచే రకం. ఐదోనాడు నేను డ్యూటీకి పోయినప్పుడు ఆయనే చిన్న ప్యాకెట్ ఒకటి తెచ్చి దానికి ఏసిండు. వచ్చి చూస్తే బిడ్డ మొఖం తేటగున్నది, కొత్తగ ఎగురుతున్నది. చెత్తడబ్బల పేపర్ల చుట్టింది కనబడ్డది. నాకు నెత్తికెక్కింది. "నేను ఐదొద్దులు కష్టపడ్డదంత ఒక్క గంటల ఖరాబ్ చేసినవ్" అని ఆయన మీద ఒర్రిన. ఆయన టీవీ సౌండు పెంచిండు. మిగిలిన డైపర్లు తీసి, బిడ్డను ముందు కూసోబెట్టి, కత్తెరతోని ఒక్కొక్కటి కోసిన. లోపటి తెల్లటి దూది నేలంత పడ్డది. బిడ్డ ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. ఆ దూదిని చిన్నగ ఏరి ఒక్కకాడ కుప్ప పెట్టింది.

ఇగ అప్పుడు మా అమ్మను పిలిచిన. మా అమ్మ చెంగిచెర్లల ఉంటది. ఫోన్‌ల ఇన్నదో లేదో, "గింత దానికి పరేషాన్ ఎందుకే, నేనొస్తున్న" అన్నది. వచ్చేటప్పుడు సంచిల నాలుగు తమలపాకులు, సీసల ఆముదం తెచ్చింది. ఆకు కాడను ఆముదంల ముంచి పిల్లల వెనక పెడితే కడుపు కదులుతది. మా దిక్కు ముసలోళ్ళందరికి తెల్సిన పనే ఇది. పసిపిల్లలకు చేస్తరు. నా బిడ్డ పసిపిల్ల కాదు, మాటలన్ని వచ్చిన మనిషి. "వద్దమ్మమ్మా" అని చెప్ప వచ్చినది.

పాత నీలం తువ్వాల పరిచినం. పక్కకు పండబెట్టి, మోకాళ్ళు కడుపుకు ముడిచి, నేను చేతులు పట్టుకున్న. మా అమ్మ తన పని చేసింది. అది "మెల్లగ, మెల్లగ" అని అరిచింది. పది నిమిషాలల్ల పని అయింది. మా అమ్మ చేతులు కడుక్కొని చాయ్ తాగుకుంట, "చూసినవా, గంతే" అన్నది. నేను గెలిచిన అనుకున్న. సిగ్గులేకుంట చెప్తున్న, ఆ దినం నిజంగ ఖుషీ అయిన.

ఆ తర్వాత మూడు దినాలకొకసారి అదే పని. ఆషాఢం అంతా గట్లనే గడిచింది. మా అమ్మ చెప్పుల చప్పుడు మెట్ల మీద ఇనబడితే బిడ్డ పోయి మంచం కింద దూరేది. నేను కాలు పట్టి గుంజేది. కొన్నాళ్ళకు దూరుడు బంద్ చేసింది. అమ్మమ్మ రాంగనే తనే పోయి నీలం తువ్వాల తెచ్చి పరుచుకొని, గోడ దిక్కు తిరిగి పండుకొని, మోకాళ్ళు ముడుచుకునేది. "చూడు, అలవాటైంది" అన్నది మా అమ్మ. "ఔ, బుద్ధి వచ్చింది" అన్న నేను.

నడిమిట్ల ఉప్పల్‌ల పిల్లల డాక్టరమ్మకు గూడ చూపిచ్చినం, తిండి తింటలేదని. ఆమె కడుపు ఒత్తి చూసి, అంతా అడిగి, అప్పటిదాంక నవ్విన మనిషి నవ్వుడు బంద్ చేసింది. "ఆ ఆకులు ఇంకెప్పుడూ పెట్టకండి. సిరప్ రాస్తాను, మెత్తగా అవుతుంది. డైపర్ తిరిగి ఇచ్చేయండి. బాత్రూంలో నిలబడి దాంట్లోనే పోనివ్వండి. తర్వాత డైపర్‌తోనే కమోడ్ మీద కూర్చుంటుంది. నెలలు పట్టినా సరే, తొందర పెట్టకండి" అన్నది. సిరప్ కొన్న. డైపర్ కొనలే. ఇంత దూరం వచ్చినంక మల్ల డైపర్ ఇస్తే అది గెలిచినట్టు కాదా అనుకున్న. దాని కడుపు దానిదని నాకు తోచనే లేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా కింది ఇంట్ల ఉండే ఆంటీ వాళ్ళు కోస్తా దిక్కోళ్ళు. ఏటా అపార్ట్‌మెంట్ ఆడోళ్ళందర్ని పేరంటానికి పిలుస్తది. బిడ్డకు ఎర్ర పట్టులంగ కట్టిన, జడకు పూలు పెట్టిన. మా అమ్మ గూడ ఆ దినం వచ్చి ఉండె, ముగ్గురం కిందికి పోయినం. బిడ్డ లంగ పట్టుకొని గిరగిర తిరుగుతుంటే అందరు ముద్దు చేసిన్రు. నెల తర్వాత దాని నవ్వు చూసిన నేను.

ఆంటీ పళ్ళెం పట్టుకొని వచ్చింది. తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, జాకెట్టు ముక్కలు. మా అమ్మకు ఇచ్చింది, నాకు ఇచ్చింది. తర్వాత బిడ్డ దిక్కు వంగి, "రామ్మా చిట్టితల్లీ, నీక్కూడా ఇస్తాను తాంబూలం" అని రెండాకులు చేతిలకు తీసుకున్నది. కాడలు బయటికి కనబడుతున్నయి.

బిడ్డ తిరుగుడు ఆపింది. ఆకుల దిక్కు చూసింది. మా అమ్మ దిక్కు చూసింది. లాస్టుకు నా దిక్కు చూసింది. నేను ఏమన్న అంటనేమో అని ఒక్క నిమిషం ఆగింది. నాకు ఇంక అర్థం కాలే, పోయి తీసుకొమ్మని తల ఊపిన.

అది మెల్లగ నడుచుకుంట పోయి, ఆడోళ్ళు కూసున్న చాప మీద ఓ మూలకు గోడ దిక్కు తిరిగి పండుకున్నది. పట్టులంగతోనే మోకాళ్ళు కడుపుకు ముడుచుకున్నది. రెండు చేతులు ముందుకు చాపి పెట్టింది, నేను పట్టుకునేతందుకు. కండ్లు మూసుకొని, "అమ్మమ్మా, మెల్లగ. నేను ఏడ్వను" అన్నది.

"అయ్యో, నిద్ర వస్తున్నట్టుంది పాపకి" అన్నది ఆంటీ.

"ఔ ఆంటీ, నిద్ర" అన్న నేను. ఆడ గూడ అబద్ధమే. అందరి ముందట నా పరువే చూసుకున్న.

ఎత్తుకుంటే కట్టె లెక్క బిగుసుకొని ఉన్నది. పైకి తీస్కపోయి మంచం మీద దించితే కండ్లు తెరిచి, "అయిపోయిందా?" అన్నది. అయిపోయిందని చెప్పిన. మా అమ్మ ఎనక వచ్చి, "మిమ్మల్నందర్ని గట్లనే పెంచిన, ఎవలు చచ్చిన్రు?" అన్నది. నన్ను గూడ గట్లనే పండబెట్టిందంట. నాకు యాదికి లేదు. నా బిడ్డకు గూడ యాదికి ఉండదని గిన్నొద్దులు ధైర్నంగ ఉన్న. ఆముదం సీస తీస్కపోయి సింకుల వొంపిన. మా అమ్మ అలిగి ఎల్లిపోయింది, దసరా దాంక రాలే.

పట్టుచీర మీదనే మెడికల్ షాపుకు పోయి డైపర్లు తెచ్చిన. బిడ్డ చేతికిస్తే తీసుకోలే. కత్తెర పెట్టే సొరుగు దిక్కు చూసి, "మల్ల కోస్తవా?" అన్నది. కోయనన్న. నమ్మలే. తెల్లారి మధ్యాహ్నం దాంక ఆగి, వాళ్ళ నాయిన దగ్గరికి పోయి ఏపిచ్చుకున్నది, నా దగ్గరికి రాలే.

తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే చేసినం. ముందుగాల ఫ్రిజ్ పక్కన, తర్వాత బాత్రూం తలుపు కాడ, తర్వాత బాత్రూంల. డైపర్‌తోని కమోడ్ మీద కూసునేటందుకు నెల పట్టింది. లాస్టుకు అదే కత్తెరతోని డైపర్‌కు కింద చిన్న బొక్క కోసిన, దాన్ని అడిగే కోసిన. కిందికి పడ్డప్పుడు నా రెండు వేళ్ళు గట్టిగ పట్టుకున్నది. ఓ దినం తనే డైపర్ వద్దన్నది. దీపావళి దాటిపోయింది అప్పటికి. ఎవలు చప్పట్లు కొట్టలే.

ఇప్పుడు దానికి ఎనిమిదేండ్లు. తమలపాకులు తెమ్మంటే షాపుకు పోయి తెస్తది, పూజకాడ పెడతది. చిన్నప్పుడు ఏమైందో యాదికున్నదా అని ఓసారి అడిగితే, లేదన్నది. మంచిగ చదువుతది, మస్తు మాట్లాడుతది. ఇస్కూల్ల మాత్రం ఎంత కష్టమైనా దొడ్డికి పోదు.

మొన్న రామంతాపూర్‌ల మా ఆడిబిడ్డ ఇంట్ల అందరం అన్నం తింటున్నం. బాత్రూం తలుపు జరంత తెరిచి పిలిచింది, "అమ్మా, రా, చూడు." మా ఆడిబిడ్డ నవ్వి, "గింత పెద్దగైంది, ఇంక నువ్వు పోయి చూడాల్నా వదినె?" అన్నది. ఈసారి నేను నవ్వలే. ఎంగిలి చెయ్యితోనే లేచిన. నేను లేచుడు జర ఆలస్యమైతే లోపటికెల్లి మల్ల దాని గొంతు, "నిజంగనే పోయిన అమ్మా, అబద్ధం కాదు."

పిలువద్దని, నువ్వే ఫ్లష్ కొట్టుకోమని ఎన్నిసార్లు చెప్పిన్నో. చెప్పినప్పుడల్ల తల ఊపుతది, మల్ల పిలుస్తది. ఇంట్ల ఉన్నా, ఊరికి పోయినా అంతే. లోపటికి పోయి వంగి చూసిన. అది నా మొఖం దిక్కే చూస్తున్నది.

"చూసిన బిడ్డా" అన్న. అప్పుడు ఫ్లష్ కొట్టింది.