తాలింపు వాసనేసిన బ్రేకులు

శ్రావణ మాసం, వరలక్ష్మి పండుగకు ముందు ఆదివారం. పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ. హాజరైనవారు: నేను, నా భార్య లక్ష్మీదేవమ్మ, సాదలి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు అశ్వత్థప్ప, గోడ అవతలి మునెమ్మ. మునెమ్మను ఎవరూ పిలవలేదు. పిలిస్తేనే వచ్చే మనిషి కాదు ఆమె.

ఆనాటి నా డైరీ ఇంత మర్యాదగా మొదలవుతుంది. ఇక్కడితో ఆపేసి ఉంటే నా పరువు దక్కేది. కానీ ఆ రోజు ఆగనిది బండి ఒక్కటే కాదు, నేనూ ఆగలేదు. మా ఊళ్ళో నేను ఎదురుపడితే ఇప్పటికీ, "ఏమప్పా, ఈ పొద్దు బ్రేకులకు ఏం కూర?" అని అడుగుతారు. ఎందుకు అడుగుతారో వినండి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అలవాటైపోయింది.

నేను బస్సు డిపోలో స్టోర్సు చూసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా నాది ఒకే సూత్రం: ఇనుము కనబడితే నూనె రాయి. బోల్టైనా, బేరింగైనా నా చేతి నూనె తగలకుండా బీరువాలోకి పోయింది లేదు. నా రాజ్యంలో తుప్పు అనేది పక్క డిపో నుంచి వినిపించే వార్త మాత్రమే.

ఇక బండి సంగతి. నంది కొండ దారిలో మూతపడిన ఒక రిసార్టు వాళ్ళు గోల్ఫు బండి ఒకటి అమ్ముతుంటే తెచ్చుకున్నాను. బ్యాటరీతో నడుస్తుంది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక సీటు మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది, అలిగి కూర్చున్న అల్లుడిలాగా. పచ్చిక మీద మెల్లగా తిరగాల్సిన ఆ బండికి మా పొలం దారి కోసం పెద్ద టైర్లు వేయించాను, పైన మూటలు పెట్టుకోవడానికి చట్రం బిగించాను. చివరికి అది పట్టుపంచె కట్టి గంబూట్లు తొడిగిన మనిషిలా తయారైంది.

ఇదంతా లక్ష్మీదేవమ్మ కోసం. మా ఇల్లు మిట్ట మీద, తోట పల్లంలో. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె ఆ మిట్ట దిగలేదు. మంచం మీద కూర్చునే, ఇక్కడ ఇది నాటండి, అక్కడ అది నాటండి అని చెప్పి చామంతి తోట పెట్టించింది. తోట విరగబూసింది. మంగళవారం నుంచి పండుగ కోత. కోసేలోగా ఒక్కసారి కళ్ళతో చూడాలని ఆమె ఆశ. పూలు కోశాక చామంతి తోటలో చూడటానికి ఏముంటుంది చెప్పండి!

"బండి తెచ్చినావు, సరే. నిలిచేదైతేనే ఎక్కుతా" అన్నది.

న్యాయమైన షరతే. వెనక చక్రాలకున్న పాత డ్రమ్ము బ్రేకు తొక్కితే, ఆ బండి ఆగడం గురించి ఆలోచించేదే తప్ప ఆగేది కాదు. అందుకని ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు తెప్పించాను. చక్రంతో పాటు ఒక ఉక్కు బిళ్ళ తిరుగుతుంది. తొక్కితే రెండు మెత్తలు అటూ ఇటూ నుంచి దాన్ని నొక్కి పడతాయి. అంతే దాని రహస్యం. నేనూ అశ్వత్థప్పా కలిసి బిగించాం. మిగిలింది గొట్టాల్లోని గాలి తీసేయడం. నేను పైన కూర్చుని తొక్కాలి, అతను కింద పడుకుని మర తిప్పాలి.

"తొక్కినావా బావా?"

"తొక్కినా."

"గట్టిగా తొక్కు. పట్టుకో. వదలద్దు!"

"కాలు నొస్తాండాదప్పా!"

"నొస్తే నొయ్యనీ, ఇంగ రొంచేపు ఓర్చుకో. వస్తాండాది, వస్తాండాది..."

గోడ మీదుగా మునెమ్మ తల లేచింది. "ఏమప్పా, ఆవు ఈనుతాండాదా?"

గాలి పోయింది. చదునుగా ఉన్న వాకిట్లో పరీక్ష చేశాం. తొక్కగానే బండి ఎంత గట్టిగా నిలిచిందంటే, పక్కన కూర్చున్న అశ్వత్థప్ప తలగుడ్డ ఎగిరి ముందు పడింది.

"బండి నిలిచిపాయ బావా, నా పాణం ఇంగా ముందుకు పోతానే ఉండాది!"

ఆ గర్వంలో పాత డ్రమ్ము బ్రేకు తీగ కూడా విప్పి పారేశాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు కదా, ఒక బండిలో రెండు బ్రేకులు ఎలా ఇముడుతాయి? సామెత చెప్పిన పెద్దలు కత్తులతో మిట్టలు దిగేవారు కాదని నాకు అప్పుడు తట్టలేదు.

"పూజ చేయకుండా నేను ఎక్కను" అన్నది లక్ష్మీదేవమ్మ.

"బండి ముందర బొట్టు పెట్టి టెంకాయ కొట్టు, సాలు" అన్నాడు అశ్వత్థప్ప.

చాలు అనే మాట నాకు పడదు. పద్ధతి ప్రకారం ఆలోచించాను. బండి పాతది. కొత్తది ఏది? బ్రేకు. అయితే పూజ జరగాల్సింది దేనికి? బ్రేకుకే. పసుపు గిన్నె పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాను. అద్దంలా మెరిసే ఆ ఉక్కు బిళ్ళను చూడగానే నాలోని స్టోర్సు మనిషి లేచి కూర్చున్నాడు. నీళ్ళతో కలిపిన పసుపా? తెల్లారేసరికి తుప్పు పట్టదూ! వంటింట్లోంచి చెనక్కాయ నూనె సీసా తెచ్చి, పసుపును అందులో కలిపాను. ముందు చక్రాలు రెండింటినీ జాకీ మీద లేపి, మెల్లగా తిప్పుతూ, బిళ్ళలకు లోపలా వెలుపలా, ఒక్క చోటు కూడా వదలకుండా పూశాను. పసిబిడ్డకు కూడా అంత శ్రద్ధగా నూనె పట్టించి ఉండరు.

"వాకిలి కడపకు పసుపు పూసినట్ల పూస్తాండావే, అంత కావల్నా?" అన్నది లక్ష్మీదేవమ్మ.

"చేసేది సరిగ్గా చేయల్ల" అన్నాను.

చేశాను. అంత సరిగ్గా ఎవరూ చేయలేరు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మునెమ్మ హారతి ఇచ్చింది. లక్ష్మీదేవమ్మను వెనక సీటులో కూర్చోబెట్టి, పడిపోకుండా పాత చీరతో సీటుకు కట్టాను. నిమ్మకాయలు చిట్లాయి, బండి మిట్ట దిగడం మొదలుపెట్టింది. అశ్వత్థప్ప పక్కన నడుస్తున్నాడు. కాసేపటికి పరుగెడుతున్నాడు.

"బావా, మెల్లగా పోనీ!"

"మెల్లగానే పోనిస్తాండా, అదే ఇంటల్లేదు!"

"బ్రేకు తొక్కు!"

"తొక్కుతానే ఉండా!"

"ఇంగా తొక్కు!"

"ఇంగ తొక్కితే కాలు నేలకు తగుల్తాదప్పా!"

వెనక నుంచి లక్ష్మీదేవమ్మ గొంతు ప్రశాంతంగా వినబడింది. ఆమెకు కనబడేది వెనక్కి పోతున్న మా ఇల్లు మాత్రమే. "ఏమప్పా, గాలి బాగా తగుల్తాండాది. ఇంత జోరుగా పోతాదని చెప్పనే లేదే!"

అప్పుడే కమ్మటి వాసన ఒకటి లేచింది. నూనె కాగి, అందులో పసుపు పడితే వచ్చే వాసన. మిట్ట మీద నుంచి మునెమ్మ కేకేసింది: "ఎవురింట్లోనమ్మా తాలింపు మాడుతాండాది?"

మా తోట గట్టు రానే వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. బండి ఒక్క ఎగురు ఎగిరి గట్టు దాటి, చామంతుల్లోకి దూకి, సాళ్ళ మీదుగా దూసుకుపోయి, తోట నట్టనడుమ తడిసిన మట్టిలో కూరుకుని నిలిచింది. బ్రేకుకు కాదు, బురదకు దండం పెట్టాను.

దెబ్బలేమీ లేవు, నా మర్యాదకు తప్ప. చీర ముడి విప్పడానికి వెనక్కి పోయాను. రెండు చక్రాల బాటల్లో పూలన్నీ నేల కరుచుకున్నాయి. ఇన్ని నెలల ఆమె ఆశను నా చేతులారా తొక్కించేశానే అనిపించింది.

లక్ష్మీదేవమ్మ ఒళ్ళో, జుట్టులో, భుజాల మీద చామంతి రేకులు. ఆమె నన్ను చూడటం లేదు.

"తెల్లవి నడుమ నాటమంటి కదా" అన్నది మెల్లగా. "నిజంగా నాటినారే! నన్ను ఊరడించేదానికి నాటినామని చెప్పినారేమో అనుకుంటి."

అశ్వత్థప్ప రొప్పుతూ వచ్చి చక్రం దగ్గర వంగాడు. వేలితో తాకి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"బావా, మెత్తలు పట్టుకునే బిళ్ళకే నూనె పూసినావే! ఈ లెక్కన వడ్డనే తక్కువ!"

ఒళ్ళంతా నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుందంటారు. నూనె రాసిన బిళ్ళకు అంటేది ఏదీ లేదని ఆ సామెతకు నా వంతుగా చేర్చాను.

మర్నాడు, సోమవారం ఉదయం. నూనె పీల్చిన మెత్తలు తీసేసి, పెట్టెలో వచ్చిన అదనపు మెత్తలు వేశాం. బిళ్ళలను సబ్బుతో, తర్వాత పెట్రోలుతో కడిగాం. నేనొక్కణ్ణే ఎక్కి మిట్ట దిగాను. గట్టుకు జానెడు దూరంలో, గీత గీసినట్టు నిలిచింది బండి. తిరిగొచ్చి, స్టీరింగు మీద చెయ్యి పెట్టి, లక్ష్మీదేవమ్మ ముందు గంభీరంగా ప్రమాణం చేశాను:

"మన కులదేవత సాక్షిగా చెప్తాండా. ఈ జన్మలో బ్రేకుకు నూనె పూయను, పసుపు పూయను. పూజ గదిలో పటాలు తప్ప ఇంగ దేన్నీ ముట్టుకోను. దా, ఎక్కు. గట్టు కాడ సక్కగా నిలుస్తాది."

ఆమె అప్పటికే వెనక సీటులో కూర్చుని, చీర తానే నడుముకు చుట్టుకుంటున్నది.

"గట్టు కాడ నిలిస్తే నాకేం లాభం? తెల్లవి యాడ కనబడతాయి?" అన్నది. "నీ ప్రమాణం రేపటి నుంచి పెట్టుకో. ముందు పోయి ఆ నూనె సీసా ఎత్తుకోని రా."