లారీ వచ్చే ముందు బొమ్మ ఆగేది

మా చిన్నప్పుడు ఆట మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోతే మా అర్రలో ఎవరూ విసుక్కునేవారు కాదు... అమ్మ ఒక దారం కత్తిరించేది, నేను గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకునేదాన్ని, గుమ్మం దగ్గర కూర్చున్న బాపు ఎప్పుడూ అనే మాటే అనేవాడు.

"దారం తెగిందా ఏందే?"

సూరత్ చివర ఉన్ అనే పేటలో, మిల్లు పనివాళ్ల ఇళ్ల వరసలో ఒకే అర్ర మాది. బాపు పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. నడుస్తున్న మగ్గం ఠక్కున ఆగిందంటే ఎక్కడో పోగు తెగినట్టే. అందుకే ఆగిన ప్రతిదానికీ ఆయన దగ్గర అదొక్కటే కారణం... ఫ్యాన్ ఆగినా, బస్సు ఆగినా, మా ఆట ఆగినా.

మిల్లు సేఠ్ ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటర్‌ని బాపు అడిగి తెచ్చాడు. దాన్ని సందుగ మీద పెట్టి, ముందు చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. అందులో ఉన్నది ఒకే ఆట. కొండదారిలో మోటార్ సైకిల్. ఒక్కదాన్నే ఆడితే మొదటి మలుపులోనే లోయలో పడేదాన్ని. ఒకరోజు అమ్మ చూసి చూసి పక్కన చేరింది. అప్పటినుంచి గ్యాస్ నాది, మలుపులు అమ్మవి. ఒకే కీబోర్డు మీద రెండు చేతులు... ఒకదాన్నొకటి తోసుకుంటూ.

అమ్మ ఇంటి దగ్గరే చీరల పని చేసేది. ఎంబ్రాయిడరీ చీరల వెనక మిగిలిపోయిన దారాలు కత్తిరించాలి. ఒళ్లో చీర, ఎడమ చేతిలో చిన్న కత్తెర, కుడి చెయ్యి బాణం గుర్తుల మీద. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇద్దరికీ అదే సినిమా, అదే షికారు.

"గ్యాసు జర తగ్గియ్యే రాకాసి! మీ బాపు సైకిల్ గిట్లనే తొక్కి మోరిల వడ్డడు."

"గది మోరి తప్పు," అనేవాడు బాపు, తల తిప్పకుండానే.

ఆ ఆట సాఫీగా ఎప్పుడూ నడవలేదు. బొమ్మ తర్వాత బొమ్మ, ఎవరో పేజీలు తిప్పుతున్నట్టు... బండి ఇక్కడ కనిపించి, మళ్లీ అక్కడ కనిపించేది. మధ్యలో ఉన్నదంతా మేమే ఊహించుకోవాలి. పెద్ద మలుపు వచ్చిందంటే బొమ్మ పూర్తిగా ఆగేది. ఎదురుగా రాబోయే లారీని గీయలేక ఆ ముసలి మెషిన్ నానా తంటాలు పడుతోందని నాకు కాలేజీకి వెళ్లాక గానీ తెలియలేదు. అమ్మ మాత్రం తన లెక్క తాను కట్టుకుంది.

"దమ్ము తీస్కుంటున్నది బిడ్డా. మనల్ని గూడ తీస్కొమ్మంటున్నది. సూడు, ఇప్పుడు లారొస్తది... ఎడమకు గుంజుతున్న."

లారీ వచ్చేది. అమ్మ ఎప్పుడో ఎడమకు గుంజేసి ఉండేది. మేం తప్పించుకునేవాళ్లం. ఆగిన ఆ కాసేపట్లోనే నా జడ సరిచేసేది, స్కూల్లో ఎవరితో మాట్లాడటం లేదో అడిగేది...

ఇప్పుడు చీరల డిజైన్లు గీసే ఉద్యోగం నాది, సూరత్‌లోనే అడాజన్ వైపు. రోజూ ఉన్ నుంచే వెళ్లొస్తాను. పనికోసమని చెప్పి, సగం ఆటలకోసమే, పోయినేడు కొత్త కంప్యూటర్ కొన్నాను. సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు! మొదటిరోజు మౌస్ కదిపితే తెర నీళ్లలా కదిలింది. ఇన్నాళ్లూ మసక అద్దంలోంచి చూశానా అనిపించింది. అబద్ధమెందుకు, ఇప్పుడు తుపాకీ ఆటలు బాగా ఆడుతున్నాను. ఎదుటివాడు గోడ చాటునుంచి భుజం బయటపెట్టగానే కనిపిస్తాడు. వేలు నొక్కడానికీ తెర కదలడానికీ మధ్య సందే లేదు.

ఆ సందులో ఏముండేదో అప్పటికి గుర్తు రాలేదు. పాత కంప్యూటర్‌ని పాత సామాన్లు కొనే భంగార్ బండివాడికి ఇచ్చేశాను.

మొన్న ఆదివారం ఆ పాత ఆట ఎక్కడో దొరికింది. సంబరంగా అమ్మను లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మొదలవగానే బండి తూటాలా పోయి కొండను గుద్దింది. ఆ ఆట బొమ్మల లెక్కతోనే కాలం కొలుస్తుందట. బొమ్మలు పెరిగితే పరుగూ పెరుగుతుంది. అమ్మ కడుపుబ్బ నవ్వింది. నేను బొమ్మల లెక్క తగ్గించాను. బండి మా పాత బండిలాగే నడిచింది. గ్యాస్ నాది, మలుపులు అమ్మవి.

పెద్ద మలుపు వచ్చింది. అమ్మ వేలు ఎడమ బాణం మీద పెట్టి, ఎదురుచూసింది.

లారీ నేరుగా వచ్చి గుద్దింది.

"ఏందే, ఆగలే?"

"ఇంకోసారి అమ్మా."

ఇంకోసారీ అంతే. కావాలని పది కిటికీలు తెరిచాను, పెద్ద పెద్ద డిజైన్ ఫైళ్లు తెరిచాను, ఎలాగైనా కాస్త తడబడుతుందేమోనని. బంగారంలాంటి మెషిన్... ఎక్కడా తడబడలేదు. అమ్మ మళ్లీ మలుపు దగ్గర ఆగి చూసింది. మళ్లీ లారీ.

"పోనీ తియ్యే. దీనికి శానా తొందరున్నది," అని లేచింది. "పాతది నాకోసం ఆగేది."

అది ఎందుకు ఆగేదో చెప్పబోయాను. అమ్మ అప్పటికే మంచం మీద కూర్చుని చీర ఒళ్లోకి లాక్కుంది.

బాపు గుమ్మం దగ్గరే ఉన్నాడు. మా ఇద్దరి ముఖాలూ, తెరా చూశాడు.

"దారం తెగలేదా?"

"లేదు బాపూ. ఇగ తెగదు."

ఆయన తల ఊపి మళ్లీ వీధివైపు తిరిగాడు.

ఇప్పుడు ఆటలో ఎవరికన్నా ముందు నేనే చూస్తాను, ముందు నేనే కాలుస్తాను... పక్కన మాత్రం ఎవరూ లేరు. ఆడుతూ ఆడుతూ పక్కకి తిరిగి ఒక మాట అనేంత ఖాళీ ఆ తెరలో లేదు.

మీ ఇంట్లోనూ ఆట మధ్యలో బొమ్మ ఆగిపోయేది కదా... ఆగినప్పుడు మీ పక్కన ఎవరుండేవాళ్లు? ఏమనేవాళ్లు? గుర్తుంటే చెప్పండి.