ముందు మార్చాలి

"ముందు మార్చాలే, మర్చిపోమాకు" అన్నాడు మా ఆయన.

"ముందు ఇంత తిను. ఆ మార్చేదేదో తర్వాత మారుద్దువులే" అన్నాను నేను.

మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవి. ఆయన చేతులు కడుక్కుని కూడా కంచం దగ్గరికి రాలేదు, మంచం మీద ఒరిగాడు. అన్నం వడ్డించి వెనక్కి తిరిగేసరికి ఒళ్లంతా చెమట. రేపల్లె ఆసుపత్రికని బయలుదేరాం గానీ, మనిషి దారిలోనే అయిపోయాడు.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే మా అక్క కూతురు రాస్తోంది. ఆయన గురించి చెప్పాలంటే జీపు గురించి చెప్పాల్సిందే, వేరే దారి లేదు.

మాది ఐసు రవాణా. రేపల్లెలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, ఊక పోసి, గోనెపట్టాలు కప్పి, బాపట్ల అవతల ఒడ్డున పడవలు ఆగే చోటికి చేర్చాలి. చివర్లో తారు రోడ్డు ఉండదు, అంతా ఇసుకే. మామూలు టైర్లు అందులో కూరుకుపోయేవి. అప్పుడు పడవలవాళ్లే దిగొచ్చి తోసేవాళ్లు. తోస్తూ, "బావా, ఐసు నువ్వు తెచ్చావా, మేం తెచ్చుకున్నామా?" అని మా ఆయన్ని ఆట పట్టించేవాళ్లు.

ఆయనకు రోషం ఎక్కువ. బాపట్లలో ఎవరో పాత జీపు విప్పి అమ్ముతుంటే, దాని పెద్ద టైర్లు నాలుగూ తెచ్చి మా జీపుకి బిగించాడు. జీపు అటకంత ఎత్తయింది. నేను ఎక్కాలంటే పీట వేయాల్సి వచ్చేది. కూరుకుపోవడం తగ్గింది, నిజమే. కానీ ఇంకో జబ్బు పట్టుకుంది. లోడు మీద కదలాలంటే ఇంజను మూలిగేది. రెండో గేరులో పోవాల్సిన చోట కూడా మొదటి గేరే వేయాలి. క్లచ్ కాలిన వాసన ఆయన చొక్కాలకు పట్టేసి, ఎంత ఉతికినా వదిలేది కాదు.

ఎందుకిలా అని అడిగితే అన్నం ముద్ద కలుపుతూ చెప్పాడు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది, అంత దూరం లాగే భారమంతా ఇంజను మీద పడుతుంది. అందుకని ఇరుసు లోపలి పళ్ల చక్రాలు మార్చాలట. అందులో చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. పాత జతలో పినియన్ నాలుగు చుట్లు తిరక్కముందే బండి చక్రం ఒక చుట్టు తిరిగేసేది. అయిదు చుట్లు దాటి తిరిగే జత వేస్తే, బండి చక్రం నిదానంగానే గానీ బలంగా తిరుగుతుంది.

"అచ్చం నీలాగా" అన్నాడు, నా ఒళ్లు చూసి.

నిదానంలోనా, బలంలోనా అని నేను అడిగాను. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

తర్వాత తెనాలి వెళ్లి ఆ జత తెచ్చి తన చేతులతోనే బిగించాడు. పని అయిపోయిందనే అనుకున్నాను. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన పోయాడు.

పెద్దకర్మ అయ్యాక మా మరిది వచ్చి, జీపు నేను తోలతాను వదినా అన్నాడు. లారీ తోలిన చెయ్యి అతనిది, మంచివాడు. జీపు సంగతులు అన్నయ్య ఏమన్నా చెప్పాడా అని అడిగాడు. ముందు మార్చాలన్నాడు, మర్చిపోవద్దన్నాడు అని చెప్పాను.

"ఏంటి మార్చాలి?"

"అదే చెప్పలా. అన్నిటికంటే ముందు మీ డ్రైవర్లు ఏం మారుస్తారు?"

"ఆయిలు" అన్నాడు.

అన్నగారి ఆఖరి మాట అని, ఆయిలు మార్చేదాకా తాళంచెవి తిప్పలేదు పిచ్చివాడు. మార్చాక జీపుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లోడు ఎత్తించాడు. మొదటి ట్రిప్పు కదా అని నేనూ ఎక్కాను. ఇసుకలో దిగాక జీపు కొంచెం తడబడింది. నాలుగు చక్రాలకూ బలం అందుతుందని అతను ఫోర్‌వీలు లివరు వేశాడు. నాలుగడుగులు పోయిందో లేదో, గట్టి నేల తగిలేసరికి జీపు బిగుసుకుపోయింది. ఎవరో ముందు నుంచి లాగుతుంటే ఇంకెవరో వెనక్కి పట్టుకున్నట్టు. అతను ఇంకాస్త తొక్కాడు. నా కాళ్ల కింద ఏదో పటేలుమని విరిగింది.

ఐసు అక్కడే కరిగింది. నీళ్లు ఊకలోంచి కారి ఇసుకలో ఇంకిపోతుంటే అందరం నిలబడి చూశాం. ఒడ్డున పడవలవాళ్ల పెద్దాయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తాళ్లు కట్టించి జీపుని రోడ్డెక్కించాడు. ఎక్కించాక మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లెమ్మా, సర్కారోళ్లు ఏటా వేట ఆపించే రోజులు దగ్గరపడ్డాయి. మళ్లీ మొదలెట్టేనాటికి జీపు వస్తే ఈ రేవు ఐసు నీదే. రాకపోతే వేరే బండి మాట్లాడుకుంటాం. మా చేప ఆగదు గదా."

ఆయన తప్పేం లేదు. కానీ ఆ రేవు పోతే నాకూ మరిదికీ ఇంకో ఆధారం లేదు.

జీపుని తెనాలికి ఈడ్పించాం. షెడ్డులో ముసలి మేస్త్రి మా ఆయన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఇరుసులు రెండూ విప్పించి, ముందుదాని పళ్లు విరిగి ఉండటం చూసి తల పట్టుకున్నాడు.

"వెనక కొత్త జత, ముందు పాత జతా ఉంటే ఫోర్‌వీలు ఎట్టా వేశారయ్యా? రెండూ ఒక లెక్కన తిరక్కపోతే ఒకదాన్నొకటి లాక్కుని చస్తాయి. నీ మొగుడు ముందుదానికి సరిపడే జత దొరకలేదని, వచ్చినాక కబురు చెయ్యమన్నాడమ్మా. ముందుది మార్చేదాకా లివరు ముట్టుకోనన్నాడు."

ముందుది. ముందు ఇరుసు. మరిదీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మనం ఆయిలు మార్చాం వదినా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మనిషి పోయాక నేను నవ్వడం అదే మొదలు. మేస్త్రి కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు. తీరా నీళ్లు తాగుతుంటే ఏడుపొచ్చింది.

తర్వాత మేస్త్రి రెండు దారులు చెప్పాడు. వెనక మా ఆయన వేసింది అలాగే ఉంచి, ముందు కూడా అలాంటిదే వేయడం ఒకటి. వెనకది కూడా తీసేసి, రెండు ఇరుసులకూ మధ్యరకం జత, అంటే పినియన్ అయిదు చుట్లకు కాస్త లోపుగా తిరిగేది వేయడం రెండోది. మా ఆయన వేసింది ఇసుకలో ఏనుగు. కానీ రేపల్లె నుంచి బాపట్ల దాకా ఉన్నది తారు రోడ్డు. దాని మీద ఇంజను గోల పెట్టడమే తప్ప బండి పోదు. మరిది కూడా అప్పుడు బయటపడ్డాడు. ఆటోలు కూడా మమ్మల్ని దాటేసి పోయాయని, దారి పొడుగునా ఐసు నీళ్లు కారుతూనే ఉన్నాయని చెప్పాడు. నామీద మొహమాటంతో అన్నాళ్లూ నోరు మెదపలేదు. బలం ఉంటే ఇసుక దాటుతాం, వేగం ఉంటే ఐసు మిగులుతుంది. రెండూ కావాలి మాకు.

ఆయన పెట్టింది తీయొద్దని చెప్పేశాను. ఆయన చేతులతో బిగించిన బోల్టులు అవి. ఆ గ్రీజులో ఆయన వేళ్లు తిరిగాయి. మేస్త్రీ మరిదీ టీ తాగొస్తామని లేచిపోయారు. నేను ఒక్కదాన్నే ఆ విప్పిన జీపు పక్కన కూర్చున్నాను. పోయే ముందు వారం ఆయన ట్రిప్పు నుంచి వచ్చి, దిమ్మలు చిక్కిపోతున్నాయే అన్నాడు. ఎండలకు అనుకున్నాను. ఎండలు కాదన్నమాట. ఆయనే ఉంటే తీసి మధ్యరకం వేసేవాడేమో. వేసేవాడు కాదేమో, రోషగాడు. ఊక ఇంకో నాలుగు బస్తాలు పోయించి, అదే ఉంచుకునేవాడేమో. అడగడానికి లేడు. బండి తోలాల్సింది మరిది, ఎదురుచూసేది ఒడ్డున వాళ్లు.

వాళ్లు తిరిగొచ్చాక మేస్త్రితో చెప్పాను.

"తీసెయ్ బాబాయ్. రెంటికీ మధ్యరకమే వెయ్."

"మనసుకి ఒప్పేనా అమ్మాయ్?"

"ఒప్పలేదు. తీసెయ్."

పినియన్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఒకసారి పట్టుకో అని నా చేతిలో పెట్టాడు. పొత్రమంత బరువుంది. కాసేపు పట్టుకుని ఇచ్చేశాను. కొత్త జతల ఖరీదులోకి మార్పిడి కింద ఆయన వేసిన జతని మేస్త్రే ఉంచుకున్నాడు. చుండూరు వైపు పొలాల్లో తిరిగే జీపుకి వేశాడని తర్వాత చెప్పాడు.

వేట మళ్లీ మొదలైన రోజున మేం ఒడ్డుకి చేరాం. ఇసుకలో ఒకచోట ఇంజను కొంచెం మూలిగింది. ఆయన వేసిన జత అయితే మూలిగేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, మరిదికీ తెలుసు. పెద్దాయన గోనెపట్టా ఎత్తి, దిమ్మ మీద అరచెయ్యి ఆనించి చూసి, దించండిరా అన్నాడు.

ఇక చాలమ్మాయ్, కలం పక్కన పెట్టు. మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. ఆయన పెట్టింది తీయించానన్న దగ్గర మాత్రం తొందరపడకుండా చదువు. అక్కడ నేను చెప్పింది చెప్పినట్టే ఉందో లేదో వినాలి.