సుగుణమ్మ టీచర్ పెరట్లోని బండ

వాన పడబోయే ముందు, కరీంనగర్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ ల్యాబ్‌లో సింకు గొట్టంలోంచి చల్లటి గాలి పైకి తన్నుతుంది. దానిలో ఉండేది ఫినాయిల్ వాసనే. అయినా అది ముంజేతికి తగలగానే నాకు తడి బొగ్గు వాసన వస్తుంది. సుగుణమ్మ టీచర్ వెనకే నిలబడి, "చెయ్యి తియ్యకు బిడ్డా, ఏమైతదో చూడు" అంటున్నట్టు ఉంటుంది.

మాది ఖానాపూర్ దగ్గర పల్లె. గల్ఫ్‌కు పోయిన బాపు దగ్గరినుంచి కబురు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఇంటర్ అయ్యాక పత్తి ఏరబోతూనే శాఖా గ్రంథాలయంలోని సైన్సు పుస్తకాల అల్మారా మొత్తం చదివేశాను. ఆ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. బెల్లంపల్లిలో బీఎస్సీ సీటు వచ్చింది కానీ తల దాచుకునే చోటు లేదు. అప్పుడు మా చర్చిలో ఎవరో సుగుణమ్మ టీచర్ పేరు చెప్పారు. మిషన్ బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. చదవాలని ఉండీ చేతిలో ఏమీ లేని సైన్సు ఆడపిల్లలను తన దగ్గర ఉంచుకొని అన్నం పెట్టేది. ఆ ఇల్లు ఆమెది కాదు. దుబాయిలో ఉన్న ఒకాయన ఖాళీగా పడి ఉందని చూసుకోమన్నాడు. ఖాళీగా ఎందుకు పడి ఉందో నాకు మొదటి రోజే తెలిసింది.

మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతున్నాను. వెనక ఎవరో ముసలాయన మోకాళ్ళు పట్టుకొని లేస్తున్నట్టు "హూఁ" అని పొడుగాటి మూలుగు. చూస్తే ఎవరూ లేరు. గోడ పక్కన పెద్ద బండ, దాని మీద ఒక పగులు.

"ఏందక్కా గది?" అన్నాను, నాకంటే ఒక ఏడాది ముందు చేరిన కవితతో.

"మన ఇంటి ఓనరు. కిరాయి అడుగుతుండు," అంది తల తిప్పకుండానే.

మూసేసిన పాత బొగ్గు గనికి గాలి కోసం తవ్విన గుంత మీద పరిచిన బండ అది. కింద పోయినవాళ్ళు మూలుగుతున్నారని వాడకట్టంతా నమ్మింది. అందుకే ఎవరూ అద్దెకు దిగలేదు, మాకు నీడ దొరికింది. గిన్నెలు వదిలేసి లోపలికి వెళితే టీచర్ నవ్వింది.

"భయమైతుందా? మంచిదే. భయపడ్డోళ్ళ చెవులు బాగ పనిచేస్తయి. ఎప్పుడెప్పుడు మూలుగుతదో చూసి నాకు చెప్పు. దీపం మాత్రం దగ్గరికి తేకు, గని గాలి అంటుకుంటది."

వర్షాకాలమంతా చూశాను. టీచర్ గదిలో గోడకు, గాలి పీడనం చూపించే పాత భారమితి ఉండేది. ముల్లు కిందికి దిగి మబ్బు కమ్మిన రోజు బండ మూలిగేది. పగులు మీద పెట్టిన పత్తి పింజ ఎగిరిపోయేది. ముల్లు పైకెక్కిన రోజు చప్పుడుండదు, పింజ లోపలికి జారేది. గ్రంథాలయంలో చదివింది గుర్తొచ్చింది: బయట పీడనం తగ్గితే సొరంగాల్లోని గాలి బయటికి తోసుకొస్తుంది, పెరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. ఎగురుకుంటూ వెళ్ళి చెప్పాను. టీచర్ నా తల పట్టుకొని ముద్దు పెట్టింది.

"వాడకట్టందరికి చెప్పనా టీచర్?"

"అడిగినోళ్ళకు చెప్పు. అడగనోళ్ళ ఇండ్లల్లకు పోయి చెప్పుడు మన పని గాదు. గానీ దయ్యమున్నదని మాత్రం నోట రానియ్యకు. అబద్ధం మీద నేను బువ్వ పెట్ట."

అడిగేవాడు రానే వచ్చాడు. దుబాయిలో ఉన్న ఇంటి యజమానికి అన్న, మల్లయ్య. ఎరువుల దుకాణం వాళ్ళు ఆ ఇంటిని గోదాముకు అడిగారట. ఇల్లు పోతే నాకు మళ్ళీ ఊరే గతి. అక్కడ మేనమామ అప్పటికే పత్తి మిల్లులో పని చూసి పెట్టాడు. అది వాన వెలిసిన పొద్దు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. టీచర్ గదిలో ముల్లు బాగా పైకుంది. అంటే బండ పలకదు.

మల్లయ్య పెరట్లోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. "ఏం టీచరమ్మా, దయ్యం సెలవు మీద పోయిందా?" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "నువ్వు సైన్సు పిల్లవు గద. నిజం చెప్పు. ఉన్నదా, లేదా?"

టీచర్ నా మొహం చూడలేదు. కొంగు అంచును వేళ్ళతో మడుస్తూ నిలబడింది.

"లేదు పెద్దనాయనా," అన్నాను. "అది ఉత్త గాలి. మబ్బు పడితెనే వస్తది. ఇయ్యాల రాదు."

"గంతేనా! గీ గాలికా ఇన్నొద్దులు పరేషానైంది?" అని మల్లయ్య బండ ఎక్కి, పగులు మీద మడమతో రెండుసార్లు తన్నాడు.

అప్పుడు వచ్చింది మూలుగు. అంత పొడుగ్గా నేనెప్పుడూ వినలేదు. అతని పంచె అంచు పైకి లేచి, ఆగాగి కొట్టుకుంది. పెరడంతా తడి బొగ్గు వాసన. మల్లయ్య దిగడం నాకు కనబడలేదు. గడప దగ్గర ఒక చెప్పు మాత్రం మిగిలింది. ఎరువుల వాళ్ళు మళ్ళీ రాలేదు.

ముగ్గురం గదిలోకి పరుగెత్తాం. ముల్లు పైనే ఉంది. ఇరుక్కుందేమోనని కవిత అద్దాన్ని వేలితో తట్టింది. ముల్లు కదిలింది, ఇంకాస్త పైకి.

"కిందున్నోళ్ళు మనను చదువుకొమ్మంటున్నరు," అంది కవిత మెల్లగా. వాళ్ళ తాత ఆ గనిలోనే పనిచేశాడు. మామూలుగా అయితే అలాంటి మాటకు టీచర్ గద్దించేది. ఆ రోజు గద్దించలేదు. బండ మూలుగు కంటే నాకు దానికే ఎక్కువ భయమేసింది. ముల్లు వైపే చూస్తూ టీచర్ అంది:

"ఇల్లు దక్కింది. మన లెక్క తప్పింది. ఒకటి యాదుంచుకొని రెండోది మరిచిపోకు బిడ్డా."

ఆ ఇంట్లోనే నా డిగ్రీ పూర్తయింది. కవితది నాకంటే ముందే అయింది. ఆ తర్వాత టీచర్ పోయింది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ పొద్దుటి గాలికి కారణం నాకు దొరకలేదు. గాలి పీడనం పాఠం చెప్పినప్పుడు సూత్రం చెబుతాను, అది నిజమే. తర్వాత, ఒక్కసారి మాత్రం అలా జరగలేదని చెబుతాను. చాలామంది రాసుకుంటూనే ఉంటారు. ఎవరో ఒక పిల్ల రాయడం ఆపి తలెత్తుతుంది. క్లాసు అయ్యాక ఆ పిల్లను ఆపి, ఎక్కడుంటున్నావు, పొద్దున ఏం తిన్నావు అని అడుగుతాను. జవాబు తడబడితే మా ఇంటి దారి చెబుతాను.